ముక్కకు బదులు

కత్తి పడింది, తొడ ఎముక రెండయింది. మళ్ళీ పడింది, నాలుగయింది. తూకం మామ ఆ నాలుగింటినీ మెత్తటి ముక్కలతో కలిపి ఎడమ చేత్తో పక్కకు తోసి, ఎదురుగా నిలబడ్డ బస్సు కండక్టరు వంక చూడకుండానే "అర కిలో. చూసుకో" అన్నాడు. కండక్టరు చూసుకోలేదు. ఆ బజారులో ఎవరూ చూసుకోరు. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన కోసి పక్కకు తోసిందే తూకం. కొట్టులో కాటా ఉన్నది కొత్తగా వచ్చినవాళ్ళ తృప్తి కోసం.

పొట్టి మనిషి. కత్తి ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఎడమదాని కన్నా అంగుళం పైకి లేచి, ఎవరినో పలకరించబోతున్నవాడిలా కనిపిస్తాడు కానీ ఎవరినీ పలకరించడు. ఎడమ బొటనవేలికి గోరు సగమే ఉంది. పొద్దున ఐదున్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా మాంసం కొట్టే మొద్దు ముందు నిలబడటం, తర్వాత మొద్దు గీకి కడగటం, ఇంటికెళ్ళడం. కొట్టు ఆయనది కాదు. కత్తులు మాత్రం ఆయనవే.

"కూర చిక్కగా రావాలంటే ఏ ముక్క మామా?" అని కండక్టరు సంచీ చాచి అడిగాడు.

"మెడ. నెమ్మదిగా ఉడకనివ్వు. మూత తియ్యకు." చెబుతుంటేనే నోట్లో నీళ్ళూరాయి. మింగాడు. ఒళ్ళు మండిపోయింది. రోజుకు ఇరవైమందికి చెప్పాలి ఈ మాట, నాలుగు నెలలుగా తన నోట్లో ముక్క పడలేదు.

మానాల్సింది నిజానికి ఆయన కాదు, ఆయన భార్య. గుండె డాక్టరు ఆవిడను మాంసం పూర్తిగా మానెయ్యమన్నాడు. ఆవిడ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, "నేనొక్కదాన్నే మానలేనయ్యా. నీ కంచంలో ముక్క కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. నువ్వూ మానితే నేనూ మానతా" అంది. ఆయన వెంటనే సరే అనేశాడు. చేత్తో పట్టుకుంటే ఏదెంత ఉందో చెప్పగలిగే మనిషికి, ఆ మాట ఎంత బరువుందో మాత్రం ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

వంట కూడా ఆయన నెత్తినే పడింది. మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషిని పొయ్యి దగ్గర ఎలా నిలబెడతాడు? సరే, ముక్క లేకపోతే ముక్కలాంటిదేదో ఉండకపోతుందా అని వెతకడం మొదలుపెట్టాడు. మొదట పుట్టగొడుగులు. గిన్నె నిండా వేసి, ఉప్పు చల్లి, మూత పెట్టి పక్కకెళ్ళి వచ్చి చూస్తే గుప్పెడు మిగిలాయి. పిల్లి తినిపోయిందనుకుని ఇల్లంతా వెతికాడు. తర్వాత ఎండు సోయా ముక్కలు. పొడిగా, గట్టిగా ఉన్నాయి కదా, ముదురు మేకలా గంట సేపు ఉడికిస్తే గానీ లొంగవనుకున్నాడు. గంటయ్యాక గిన్నెలో జావ ఉంది. కూతురు ఫోనులో పడీ పడీ నవ్వి, "అది ముసలి మేక కాదు నాన్నా, పది నిమిషాలు చాలు" అంది. రెండోసారి పది నిమిషాలే ఉడికించాడు. ముక్క ముక్కలానే ఉంది. కానీ ఆవిడ రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేసింది.

కందతో అయితే తల ప్రాణం తోకకు వచ్చింది. మాంసం కోసేవాడు చేతులు తడి చేసుకుంటాడు, కొవ్వు అంటకుండా. ముప్పై నాలుగేళ్ళ అలవాటు కొద్దీ చేతులు తడుపుకుని, పెద్ద కత్తితో కందను కూడా నలుచదరంగా, ఒక్కో ముక్కా ఒకే బరువుండేలా కొట్టాడు. అరగంట తర్వాత మోచేతుల దాకా గోక్కుంటూ వీధిలోకి పరుగెత్తాడు. పక్క కొట్టు కూరగాయలామె కడుపు పట్టుకుని నవ్వింది. "నీళ్ళు కాదన్నా, చేతులకి నూనె రాసుకోవాలి. అంత పెద్ద కత్తి పట్టుకున్నావ్, ఆ మాత్రం తెలీదా?"

ఏం పెట్టినా ఆవిడది ఒకటే మాట: "బాగుంది. ఆకలి లేదు." జాకెట్ల చేతులు వదులై వేలాడసాగాయి. ముఖంలో కళ్ళే మిగిలాయి. నిన్న కూతురు ఫోనులో తేల్చి చెప్పింది.

"రేపు మూడింటికి వస్తున్నా నాన్నా. ఈసారి అమ్మని తీసుకెళ్ళిపోతా."

"నేను చూసుకోవట్లేదా?"

"చూసుకుంటున్నావ్. తను తినట్లేదు."

"రేపు కడుపు నిండా తింటే?"

"తింటే ఉండనిస్తా" అంది.

అందుకే ఇవాళ ఆయన చేతులు పనిలో ఉన్నా బుర్రంతా మధ్యాహ్నం కూర మీదే ఉంది. ఆవిడ పోతే ఆ రెండు గదుల్లో ఎవరికోసం పొయ్యి వెలిగించాలి? ఎవరి మీద విసుక్కోవాలి? ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ పుట్టింటికి వెళ్ళి పడుకున్న రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నిన్ను వదిలి ఉండలేనని ఆయన ఆవిడతో ఎన్నడూ అనలేదు. అలాంటివి అనే మనిషి కాదు. కానీ ఉండలేడు.

ఒంటిగంటకు మొద్దు కడిగి కూరగాయలామె ముందు నిలబడ్డాడు. వంకాయ ఎత్తి బొటనవేలితో నొక్కాడు.

"నొక్కకన్నా, నీ చేతికి కాయ కమిలిపోద్ది. ఇవాళేంటి?"

"ఏదన్నా చెప్పు చెల్లెమ్మా. మెత్తగా ఉన్నవన్నీ అయిపోయాయి. గట్టిగా ఉన్నవీ అయిపోయాయి."

"వదినకి ముక్కలో ఏదిష్టం? మెత్తనిదా, ఎముకా?"

"ఎముక" అన్నాడు ఆయన వంకాయ కింద పెట్టేసి. ఎముక! ఆవిడకు మెత్తటి ముక్క మీద ఎప్పుడూ మోజు లేదు. ఎముకను కంచం అంచుకు తట్టి మూలుగ పీల్చడమే ఆవిడ భోజనం. నాలుగు నెలలుగా తాను కండకు బదులు వెతుకుతున్నాడు! కూరగాయలామె ఒక మునగకాడల కట్ట ఆయన సంచీలో నిలువుగా దూర్చింది. కొరకాలి, పీల్చాలి, నమిలి పిప్పి పక్కన పెట్టాలి. ఇంతకాలం ఈ సంగతి తట్టనందుకు తనను తాను తిట్టుకుంటూ ఆయన దాదాపు పరుగున ఇల్లు చేరాడు.

స్నానం చేశాడు. చొక్కా మార్చాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాడు. ఇంట్లో ఉన్న చిన్న చాకు ఆయన చేతికి ఆటబొమ్మ. అందుకే కొట్టులో కత్తుల్లోంచి ఒకటి కడిగి వెంట తెచ్చుకుంటాడు. దానితో మునగకాడలను వేలెడేసి ముక్కలు, అచ్చం ఎముక కొట్టినట్టు ఒక్క దెబ్బకొకటి చొప్పున కొట్టాడు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ఆవిడ చేసే పద్ధతిలోనే చిక్కటి పులుసు పెట్టాడు. రుచి చూశాడు. అద్భుతంగా ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయనకు నిజంగా ఆకలేసింది.

"ఏమే, లే. చూడు ఏం తెచ్చానో."

ఆవిడ వచ్చి కూర్చుంది. కంచంలో ముక్కలు చూసి నవ్వింది. ఒకటి తీసి పెదవుల దాకా తెచ్చుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కను మెల్లగా కంచంలో పెట్టేసింది.

"బాగుందయ్యా. ఆకలి లేదు."

"తినకుండానే బాగుందా?" ఆయన లేచి నిలబడ్డాడు. "ఇంకేం చెయ్యమంటావే నన్ను? చెట్టెక్కి కోసుకురానా? మట్టి తవ్వి తేనా? నీ కోసం నేను నోరు కట్టేసుకుని చస్తుంటే, ఒక్క ముద్ద, ఒక్క ముద్ద నా మొహం చూసి మింగలేవా?"

ఆయన ఆవిడ కంచం తీసుకెళ్ళి చప్పుడయ్యేలా పొయ్యి గట్టు మీద పెట్టాడు. తన కంచంలోనూ చెయ్యి పెట్టలేదు.

మూడు కాకముందే కూతురు వచ్చింది. చేతిలో క్యారియర్ ఉంది. తల్లిని చూసింది, గట్టు మీద నిండుగా ఉన్న కంచాన్ని చూసింది. క్యారియర్ విప్పి పై డబ్బాలో అన్నం, కూర కలిపి తల్లి ముందు పెట్టింది. ఆయన గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. ఆవిడ మొదటి ముద్ద తింది. రెండోది. మూడోది. ముద్దకూ ముద్దకూ మధ్య ఎడం తగ్గింది. మాట్లాడకుండా, తల ఎత్తకుండా, గుక్క తిప్పుకోకుండా తింది. ఆకలి లేని మనిషి తిండి కాదది.

"ఏం కూరది?" అన్నాడు ఆయన.

"సోయా ముక్కలు నాన్నా" అంది కూతురు.

ఆయన వచ్చి రెండో డబ్బాలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. ఉప్పు తక్కువ. మసాలా పచ్చి వాసన కొడుతోంది. ముక్క సరిగ్గా నానలేదు కూడా.

"ఇదే కదా నేను చేసింది! దీనికన్నా బాగా చేశాను! ఇది తింటావ్, నేను చేస్తే తినవా? ఏం పాపం చేశానే నేను?"

"అమ్మా, ఇప్పుడు చెప్పకులే" అంది కూతురు తల్లి వైపు చూసి.

ఆవిడ ముద్ద మింగి నీళ్ళు తాగింది.

"నీ కూరలో ఏం లోపం లేదయ్యా. నీ చేతులు..." అని ఆగింది. "మాంసం వాసన. ఇన్నేళ్ళూ నాకు తెలీలేదు, నేనూ తింటున్నాను కదా. మానిన నెలకి మొదలైంది. కత్తికుంది, గిన్నెకుంది. నువ్వు పక్కన పడుకుంటే దుప్పటికీ వస్తోంది. ముద్ద నోటి దాకా రాగానే కడుపులో తిప్పేస్తోంది. ఓర్చుకుందామనే చూశాను."

"ముందే చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? ఆ చేతుల సంపాదనే కదా మనం తిన్నది. ఈ పిల్లని చదివించింది. పని మానెయ్యమంటానా నిన్ను?"

కోపం ఇంకా ఒంట్లోనే ఉంది కానీ దాన్ని ఎవరి మీద వెయ్యాలో తెలియలేదు. కూతురు బీరువా తీసి చీరలన్నీ, మందుల పెట్టె సంచీలో సర్దింది. పది రోజులుండి వస్తుందంది. పది రోజులకు అన్ని చీరలేమిటని ఆయన అడగలేదు.

ఆటో వచ్చింది. ఎక్కేటప్పుడు ఆవిడ కాలు తడబడింది. ఆయన పట్టుకోబోయి, చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. కూతురు పట్టుకుంది.

"నువ్వు తిను. ఇంక నువ్వెందుకు మానడం, ముక్క వండుకో" అంది ఆవిడ ఆటోలోంచి. ఆయన తలూపాడు. ఆటో మలుపు తిరిగింది.

లోపలికొచ్చి రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. సబ్బు వాసన. మళ్ళీ పీల్చాడు. సబ్బు వాసనే. నిమ్మకాయ చెక్కతో రుద్దాడు, ముగ్గుపిండితో రుద్దాడు, మళ్ళీ వాసన చూశాడు. ఆయనకు ఏమీ తెలియలేదు.

హడావిడిలో కూతురు క్యారియర్ పై డబ్బా మర్చిపోయి వెళ్ళింది. మెతుకు మిగలకుండా ఖాళీగా ఉంది. కడిగి పెడదామని దాని దాకా వెళ్ళి, చెయ్యి చాచి, ముట్టుకోకుండా వచ్చేశాడు. అడుగున ఆవిడ వేళ్ళు ఊడ్చిన నాలుగు గీతల మధ్య, ఆరిపోతున్న కూర మరకతో ఆ డబ్బా బల్ల మీద అలాగే ఉంది.