ఏం లేదన్న మంగళవారం

సాయంత్రం ఆరింటికి మా వైర్‌లెస్ డబ్బాకు ప్రాణం వచ్చేది, ఆరున్నరకు పోయేది. మా కంపెనీకి ఆ అరగంటకే పర్మిషన్. విమానాలతో పత్తిచేల మీద పురుగుమందు కొట్టే కంపెనీ మాది. 1980లో ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో మాకు ఐదు క్యాంపులుండేవి. క్యాంపుకొక విమానం, విమానానికొక పైలట్. ఊళ్ళలో దాన్ని గాలిమోటరు అనేవాళ్ళు, మమ్మల్ని గాలిమోటరు డ్రైవర్లనేవాళ్ళు. సీజన్ నడిచినన్నాళ్ళూ మేం ఒకరి ముఖం ఒకరు చూసేది తక్కువ. ఏం మాట్లాడుకున్నా ఆ అరగంటలోనే.

దాన్ని నడిపేది ఆదిలాబాద్ క్యాంపులోని ఖాద్రీ సాబ్. చూపు మందగించి విమానం మానేసిన పెద్దమనిషి, మా అందరికీ ఇన్‌చార్జి. ఎన్ని ఎకరాలు అయ్యాయి, ఎంత మందు మిగిలింది అన్నవి అడగడం అయ్యాక ప్రతిరోజూ ఒకటే ప్రశ్న వేసేవాడు. "ఇయ్యాల ఏం తప్పు జేసిండ్రు, చెప్పుండ్రి." వరసగా ఐదుగురం చెప్పాలి. చెప్పినందుకు తిట్లుండవు, పై ఆఫీసుకు రాయడాలుండవు. ఎవరికీ ఏమీ లేకపోతే ఆయనే తన పాత తప్పొకటి బయటికి తీసేవాడు. ఆయన దగ్గర వాటికి కొదవ లేదు.

విమానం ఎగరేయడం నాకు బేగంపేటలో నేర్పారు. ఎగరేసి బతికి రావడం మాత్రం ఆ డబ్బా దగ్గరే నేర్చుకున్నాను. కరెంటు తీగ కోసం వెతకొద్దు, తీగ కనబడదు, స్తంభం కోసం వెతుకు, ఒకటి కనబడితే దాని జోడీ ఎక్కడుందో చూడు అని అక్కడే విన్నాను. పొద్దు వాలాక పడమటికి ఎదురుగా కొట్టొద్దని, మందు పట్టి కళ్ళు మసకబారితే ఆ పూట దిగిపోవాలని, ఎంత తెలిసిన పొలమైనా మందు తెరిచే ముందు పైనుంచి ఒక చుట్టు తిరిగి చూడాలని కూడా. ఈ చివరిది ఖాద్రీ సాబ్ వారానికి రెండుసార్లు చెప్పేవాడు. వినీ వినీ నాకు విసుగు పుట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు, నాకు సిగ్గైనా సరే. ఆసిఫాబాద్ క్యాంపులో దశరథం అని ఒక పైలట్ ఉండేవాడు. సిరిసిల్లలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, మిలటరీలో విమానాల మెకానిక్‌గా చేరి, కష్టపడి పైలటయ్యాడు. నేనేమో ఖానాపూర్ దగ్గరి రావుల దొరల ఇంటివాణ్ణి, జనార్దన్‌రావును. నాది ఖానాపూర్ క్యాంపే. ఒక గురువారం అతను తన తప్పు చెప్పాడు. ఒక పెట్రోలు ట్యాంకు అయిపోయిందట, రెండోదానికి మీట తిప్పడం మరిచాడట, ఇంజన్ ఆగిపోయి చెరుకుతోటలో దిగబోతుండగా గుర్తొచ్చిందట. నేను బటన్ నొక్కి, "మగ్గమనుకున్నవా దశరథం, కాలు ఆడిస్తే నడుస్తదని?" అన్నాను. ఇద్దరు నవ్వారు. నేను వాళ్ళకంటే ఎక్కువసేపు నవ్వాను.

తర్వాతి మంగళవారం మా పెదబాపు, అంటే మా నాన్నకు అన్న, జగపతిరావు పత్తికి మందు కొట్టాలి. నలభై ఎకరాల చేను. గట్టు మీద పెదబాపు, పెద్దమ్మ సరళాదేవి, వాళ్ళ వెనక సగం ఊరు నిలబడి ఉన్నారు. నేను చిన్నప్పుడు పొద్దస్తమానం తిరిగిన నేల అది. చుట్టు తిరిగి కొత్తగా చూసేదేముంది? పైగా అంతమంది చూస్తున్నారు. నేరుగా కిందికి దించి, చేనుకు మనిషెత్తున పోనిచ్చాను.

మూడో సాలులో, అంటే చేను మీద మూడోసారి పోతుండగా, ఎదురుగా నాలుగు గువ్వలు కనిపించాయి. ఆసరా ఏదీ లేకుండా, గాలిలో వరసగా కూర్చుని ఉన్నాయి. నా బుర్రకు సంగతి అందకముందే చెయ్యి విమానం నడిపే కర్రను వెనక్కి గుంజింది. గువ్వలు లేచిపోయాయి. వాటి కింద సన్నటి తీగ నా చక్రాలకు జానెడు దూరంలో దాటిపోయింది. మందు ఆపేసి, దగ్గర్లోని మా క్యాంపు మైదానంలో దిగాను.

జనం చప్పట్లు కొట్టారు. గారడీ చేశాననుకున్నారు.

నడుచుకుంటూ చేలోకి వెళ్ళి చూశాను. రోడ్డుపక్క కరెంటు స్తంభానికి కొక్కేలు వేసి, తుమ్మకట్టెల మీదుగా చేను మధ్యలోని కొత్త బోరు దాకా తీగ లాగారు. కట్టెలకు కొమ్మలు కూడా కొట్టలేదు. పైనుంచి చూస్తే గట్టు మీది చెట్లే అనుకుంటాం.

"గిది ఎప్పుడు గుంజిండ్రు పెదబాపు?" అన్నాను.

"మొన్న ఐతారం. కనెక్షన్‌కు అర్జీ పెట్టి ఏడాదైతుంది. పత్తి ఏడాది ఆగుతదా?"

"జరంతల తప్పింది. నేను సచ్చేటోణ్ణి."

"సావలే గద. రేపు పొద్దుగాల్నే తీయిస్త తియ్. గా డబ్బల మాత్రం ఒర్రకు. కరెంటోళ్ళ చెవుల పడ్డదంటే మన ఇజ్జత్ పోతది."

చేను చాలామటుకు మిగిలిపోయింది. ఆ సాయంత్రం ఖాద్రీ సాబ్ ఎప్పటిలాగే అడిగాడు. నా వంతు వచ్చింది. చెబితే పెదబాపు పరువు పోతుందన్నది నేను నాకు చెప్పుకున్న సాకు. అసలు సంగతి వేరు. చుట్టు తిరగలేదని చెప్పాలి, అదీ దశరథం వింటుండగా చెప్పాలి. ఐదు రోజుల కిందట మగ్గం మాట అన్న నోటితోనే చెప్పాలి.

"నా దగ్గర ఏం లేదు సాబ్. అంతా బరాబర్," అన్నాను.

"మంచిది. నీ ఇంజన్ విప్పి చూసే తారీఖు వచ్చింది. రేపు ఆదిలాబాద్ పట్టుకరా. నీ పెదబాపు చేను మిగిలింది గద, ఎల్లుండి దశరథం వచ్చి కొడతడు."

బొటనవేలు బటన్ మీదే ఉంది. ఒక్క మాట చాలు. పెదబాపు రేపు తీయిస్తానన్నాడు కదా, ఇక చెప్పేదేముంది అనుకున్నాను. వేలు తీసేశాను.

బుధవారం విమానం ఆదిలాబాద్ తీసుకెళ్ళాను. మెకానిక్ మధ్యాహ్నానికల్లా ఇంజన్ ముక్కలు ముక్కలుగా గోనెపట్టా మీద పరిచాడు. నాకు పని లేదు. పని లేనివాడికి తలలో పురుగు తొలుస్తుంది. తీగ తీశారా లేదా? క్యాంపులో ఫోనుంది. ఖానాపూర్‌లో పెదబాపు ఇంటికి ట్రంక్ కాల్ బుక్ చేశాను. లైను దొరకలేదన్నారు. మళ్ళీ బుక్ చేశాను. చూద్దామన్నారు.

ఆరింటికి డబ్బాలో దశరథం గొంతు వినబడింది. ఖానాపూర్ చేరాడట, పొద్దున ఏడింటికి మొదలుపెడతాడట. ఖాద్రీ సాబ్ నా పక్కనే కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను మైకు అందుకున్నాను.

"దశరథం, పెదబాపు చేన్ల జర చూస్కోని కొట్టు."

"ఏమున్నది సాబ్ అక్కడ?"

ఖాద్రీ సాబ్ కప్పు దించి నా వైపు చూశాడు.

"ఏం లేదు. ఊకెనే అన్న," అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే గొప్ప చెప్పుకున్నట్టుంటుంది. పట్టకపోవడమే న్యాయం.

తెల్లారి ఆరూ పదికి ఫోను మోగింది. అవతల పెద్దమ్మ. తీగ తీశారా అని అడిగాను.

"తీగెనా? మీ పెదబాపు నిన్ననే నిర్మల్ పోయిండు బిడ్డా, ఎవరిదో పెండ్లి మాట ఉన్నదని. ఆయన వస్తె గని తీయరు. రాత్రంత నీళ్ళు పారుతనే ఉన్నయ్."

"పెద్దమ్మా, గా తీగె వెంటనే తీయించు. ఇంకో పైలట్ ఏడింటికి వస్తుండు. ఆయనకు తెల్వది."

"కరెంటు తీగె ఎవలు ముట్టుకుంటరు బిడ్డా?"

"పోనీ మన జీతగాడు కొమురెల్లిని సైకిల్ మీద తోలు. పైలట్‌ను ఎగరొద్దని చెప్పుమను. గిప్పుడే, పెద్దమ్మా."

"కొమురెల్లి ఏడున్నడో..." అంటుండగా లైను తెగింది. మళ్ళీ ఎంతసేపు కొట్టుకున్నా కలవలేదు.

వైర్‌లెస్ సాయంత్రం దాకా మూగది, ఖానాపూర్ క్యాంపులో ఫోను లేదు. నా విమానం గోనెపట్టా మీద ఉంది. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ మీదుగా ఖానాపూర్‌కు జీపులో ఎంత తోలినా మూడు గంటలు. చేసేదేమీ లేదని తెలిశాక చేయాల్సింది ఒకటే మిగిలింది. నమాజు చాప మడుస్తున్న ఖాద్రీ సాబ్ ముందు నిలబడి అంతా చెప్పాను. గువ్వలు, తుమ్మకట్టెలు, చుట్టు తిరగకపోవడం, ఏం లేదనడం, అన్నీ. ఆయన జీపు తాళాలు నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

తిడితే బాగుండేది. ఇచ్చోడ దాటేసరికి ఏడయింది. గడియారం చూడొద్దనుకుంటూనే చూశాను. ఇప్పుడు మందు ట్యాంకు నింపుతుంటాడు. ఇప్పుడు ఇంజన్ తిప్పుతుంటాడు. ఇప్పుడు మొదటి సాలు. దశరథానికి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది మొన్న దసరాకు బడిలో చేరిందని ఎప్పుడో డబ్బాలో చెప్పాడు. ఆ మాట అప్పుడు నేను విన్నట్టే లేదు, ఇప్పుడు మాత్రం చెవిలో మోగుతూనే ఉంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కూడా వేగం తగ్గించలేదు.

నిర్మల్ దాటాక ఎదురుగా ఖానాపూర్ బస్సు వచ్చింది. జీపు అడ్డం పెట్టి ఆపాను.

"అన్నా, గాలిమోటరు ఏమన్న పడ్డదని ఇన్నవా?" అని డ్రైవర్‌ను అడిగాను.

"గాలిమోటరా? రోజు పొద్దుగాల్నే సప్పుడు జేస్తది. ఇయ్యాల మరి సప్పుడే ఇనలే," అన్నాడు.

ఎగరలేదా, ఎగిరి పడిపోయిందా? ఆ మాటను అటూ ఇటూ తిప్పుకుంటూ మిగిలిన దూరం ఎలా తోలానో నాకు గుర్తు లేదు. ఖాద్రీ సాబ్ పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

మా మైదానంలో విమానం నిలబడి ఉంది. రెక్కలు రెండూ ఉన్నాయి. ముట్టుకుంటే ఇంజన్ చల్లగా ఉంది. నేను దాని చక్రం పక్కనే నేల మీద కూలబడి ఏడ్చాను. చాటుగా కాదు, విమానం దిగేచోట జెండా పట్టే బుచ్చిరాములు చూస్తుండగానే.

"దశరథం సారు చేన్ల ఉన్నడు దొరా. పొద్దు పొడవకముందే పోయిండు," అన్నాడు బుచ్చిరాములు.

చేలో దశరథం మోకాళ్ళ దాకా మంచుకు తడిసిన ప్యాంటుతో ఉన్నాడు. చేతిలో చిన్న నోటుబుక్కు, పైన తీగ. కొమురెల్లి సైకిల్ పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"కొమురెల్లి చెప్పిండా?" అన్నాను.

"చెప్పిండు. అప్పటికే చూసిన సాబ్. తీగె తీసేదాక ఎగర."

"ఎట్ల చూసినవు? ఎవలు చెప్పిండ్రు?"

అతను నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాడు. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టున్నాడు. "మీరు కొట్టిన పొలం నేను నడవకుంట కొట్ట సాబ్," అన్నాడు.

"ఎప్పటిసంది?"

"మీరు నవ్విన కాడికెల్లి." అతని గొంతులో కోపం లేదు, ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. "నవ్వినందుకు గాదు. ఎదుటోని తప్పుకు గంత నవ్వినోడు తన తప్పు చెప్పుకోడు. మీరు ఏం లేదన్న దగ్గర ఏదో ఉంటది. గంతే."

"నువ్వొక్కనివేనా?"

దశరథం నా వెనక నిలబడ్డ ఖాద్రీ సాబ్ వైపు చూశాడు.

"నేనే చెప్పిన," అన్నాడు ఖాద్రీ సాబ్. "నలుగురికి ఉత్తరాలు రాసిన, జనార్దన్ కొట్టిన పొలం నడిచి చూసుకోండ్రి అని. డబ్బల చెప్తే నీకు ఇనపడతది గద బేటా."

"మరి జీపుల వస్తుంటె తొవ్వ పొడుగూత నాకెందుకు చెప్పలే సాబ్?"

"నడువుమని రాసిన. నడిచిండో లేదో నాకేం ఎరుక? నా పానం గూడ నా చేతుల లేకుండె."

ఆ సాయంత్రం ఆరింటికి మైకు ముందు నేనే కూర్చున్నాను. మొదటినుంచి చెప్పాను. ఎవరి చేనో, ఎవరి తీగో కూడా చెప్పాను. మా ఇంటి ఇజ్జత్ అక్కడితో సరి. చెప్పడం అయ్యాక నవ్వు కోసం ఎదురుచూశాను. ఎవరూ నవ్వలేదు. కరీంనగర్ క్యాంపు పైలట్ అడిగాడు, "తీగె ఎన్ని ఫీట్ల ఎత్తున్నది?"

"పన్నెండు. కట్టెలకు కొమ్మలు కొట్టలే. పైనుంచి చెట్లనే అనుకుంటరు."

"రాసుకున్న," అన్నాడు.

చెప్పేశాక తీరిపోతుందనుకున్నాను. సీజన్ ఇంకా రెండు నెలలుంది. ప్రతి సాయంత్రం నా తప్పు చెప్పాను, లేని రోజు వెతికి మరీ చెప్పాను. ఖాద్రీ సాబ్ మెచ్చుకున్నాడు, దశరథం నాతో మామూలుగానే మాట్లాడాడు. అయినా నేను కొట్టిన పొలానికి నా తర్వాత ఎవరు వచ్చినా పొద్దు పొడవకముందే లేచి, ప్యాంటు మడుచుకుని, చేనంతా నడిచే చూశారు. ఎందుకు నడుస్తున్నారని నేను ఒక్కరిని కూడా అడగలేదు.