ఉమామహేశ్వరమ్మ అడిగిందంటే

ఆ రోజు పొద్దున ఉమామహేశ్వరమ్మ ఇంట్లో పాలు పొంగి, గిన్నె అంచు దాటి పైకి లేచి, అలాగే నిలబడిపోయాయి. కోడలు భానుప్రియ చూసి, నిట్టూర్చి, స్టవ్ ఆపింది.

"మళ్లా అడిగినావా అత్తా?"

"నీళ్లు మసిలితే పొంగవు, పాలెందుకు పొంగుతాయని నోరు జారింది లే. టీచరమ్మను పిల్చుకొనిరా పో."

ముందు వాటాలో అద్దెకున్న సైన్సు టీచరు అరుణకుమారి జడ అల్లుకుంటూనే వచ్చింది. "పాలు కాగితే పైన పొర కడ్తాది అవ్వా. అడుగున పుట్టిన ఆవిరి బయటికి పోలేక ఆ పొరను మోసుకొని లేస్తాది. నీళ్ల మీద పొర ఉండదు గదా, ఆవిరి దాని దారిన అది పోతాది."

"అట్లనా" అంది ఉమామహేశ్వరమ్మ. ఆ మాటతో, అంచు దాటిన పాలు స్టవ్ మీదికి పొర్లి, మిగిలినవి గిన్నెలోకి దిగాయి.

ఆళ్లగడ్డలో ఆ వీధికి ఇది కొత్తేమీ కాదు. ఉమామహేశ్వరమ్మ ఎదురుగా ఉన్నదాన్ని చూసి 'ఎందుకు' అని నిజంగా తెలియక అడిగిందంటే, అది ఆగిపోతుంది. సరైన జవాబు ఆమె చెవిన పడాలి, ఆమె 'అట్లనా' అనాలి, అప్పుడు కదులుతుంది. ఒకసారి తెలిసినదాన్ని మళ్లీ ఎన్నిసార్లు అడిగినా ఏదీ ఆగదు. ఒకసారి చికెన్ అంగడి ముందు తల తెగిన కోడి గంతులేస్తుంటే, "తలకాయ పోయినంక గూడా ఎందుకు ఎగరతాంది ఇది?" అనేసింది. ఆ కోడి నెత్తుటి చుక్కలతో సహా గాలిలో నిలబడింది. జనం దాన్ని తప్పించుకుని తిరిగారు. బడి వదిలాక అరుణకుమారి వచ్చి, కాళ్లను ఆడించే నరాలు వెన్నులో కూడా ఉంటాయని చెప్పాకే అది కింద పడి చచ్చింది.

అరుణకుమారిది నంద్యాల. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, ఆమె లోకం అంతే. ఆమెకో పట్టుదల ఉంది. తప్పు జవాబు చెప్పదు. తెలియకపోతే పిల్లల ముందే "తెలియదు, రేపు చెప్తా" అంటుంది. మరుసటి రోజు జవాబుతో వస్తుంది. ఆమె దగ్గర చదివిన వాళ్లలో ఎంత రౌడీ అయినా ఆ ఒక్క మాటను కాదనడు.

అలాంటి రౌడీల్లో మహేష్ ఒకడు. ఉమామహేశ్వరమ్మ మరిది కొడుకు. తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. వాడికీ, ఉమామహేశ్వరమ్మ కొడుకు ఆదినారాయణకూ పడదు. పొలాల దగ్గర కేసీ కాలువ తూము గొడవగా మొదలైంది, గడ్డివాములు తగలబెట్టుకునే దాకా పోయింది. పోయినేడు ఆదినారాయణ మనుషులు మహేష్ తమ్ముడి చెయ్యి మోచేతి దాకా నరికేశారు. ఆ తర్వాత రెండిళ్లలోనూ ఎవరూ నిమ్మళంగా అన్నం తినలేదు. ఒక్క నెత్తురు, ఒక్క ఇంటిపేరు, ఎదురుపడితే మాత్రం కొడవళ్లు.

పాలు పొర్లిన ఆ రోజే, ఎండ ఎక్కిన వేళ, శిల్పాలు చెక్కే షెడ్ల ముందు మహేష్ ఆదినారాయణను పట్టుకున్నాడు. ఉలుల చప్పుడులో మొదటి కేక ఎవరికీ వినపడలేదు. భుజం మీద ఒక వేటు, తొడ మీద రెండు. ఉలులు ఆగి జనం పరిగెత్తుకొచ్చేసరికి మహేష్ జీపెక్కి నంద్యాల వైపు పోయాడు.

ఉమామహేశ్వరమ్మ వచ్చింది. వెనకే అరుణకుమారి. ఆదినారాయణ తొడ నుంచి నెత్తురు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగజిమ్ముతోంది. పక్కనున్న చెక్కీ చెక్కని నంది ముఖమంతా తడిసిపోయింది. తల్లి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఆ క్షణంలో కూడా ఆమె ఆమే.

"టీచరమ్మా, వంకాయలు కోస్తా వేలు తెగితే కాసేపటికి నెత్తురు దానంతటదే నిలుస్తాది గదా! నా కొడుక్కు ఎందుకు నిలవదు?"

నెత్తురు ఆగిపోయింది. చిమ్మిన ధార గాలిలోనే ఎర్రగా వంగి నిలబడింది.

"అది అవ్వా, రక్తంలో..." అని అరుణకుమారి అలవాటు కొద్దీ మొదలెట్టింది. ఏనాడూ ఆమె ముందు కుర్చీలో కూడా కూర్చుని ఎరగని కారు డ్రైవరు ఏలీయా ఒక్క గంతులో వచ్చి ఆమె నోరు మూసేశాడు.

"చెప్పొద్దు టీచర్! మీకు దండం పెడతా! నంద్యాల ఆస్పత్రి చేరేదాకా నోరు తెరవొద్దు!"

ఏలీయా కారులో బయలుదేరారు. వెనక సీట్లో ఆదినారాయణ, తల ఉమామహేశ్వరమ్మ ఒడిలో. ముందు సీట్లో అరుణకుమారి, పెదవులు బిగబట్టుకుని. సాయం చేద్దామని జవాబు చెప్పే పుణ్యాత్ములు దారి పొడవునా ఉంటారని, ఉమామహేశ్వరమ్మ ఫోను ఆపేసి చెవుల్లో దూది పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఏదైనా తెలుసుకోకుండా ఉండాలని ఆమె కోరుకోవడం అదే మొదలు. అయినా శిరివెళ్ల రాకముందే ఆగలేకపోయింది.

"పోనీ, సగం చెప్పు టీచరమ్మా."

అరుణకుమారి తల అడ్డంగా ఊపింది. తెలిసిన జవాబును ఇంతసేపు లోపల దాచుకోవడం ఆమెకు ఎన్నడూ అలవాటు లేదు.

శిరివెళ్ల దాటాక మలుపులో జీపు అడ్డంగా ఉంది. నెత్తురు ఆగిందన్న వార్త ఫోనులో మహేష్‌కు ముందే చేరింది. మహేష్ దిగాడు, కారు వెనక తలుపు తెరిచాడు, ఆదినారాయణ పొట్ట మీద వేటు వేశాడు. చర్మం తెరుచుకుంది. ఒక్క చుక్క రాలేదు. ఆదినారాయణ మూలిగాడు, అంతే.

"చూస్తిరా టీచర్" అన్నాడు మహేష్. చేతిలో కొడవలి ఉన్నా టీచరు ముందు వాడి వీపు కొంచెం వంగే ఉంది. "మా పెద్దమ్మ అడిగినంక నెత్తురు పోదు. నెత్తురు పోకుంటే వీడు చావడు. మీరు జవాబు చెప్పాల."

"తెలియదురా. రేపు చెప్తా."

"ఆ పాఠం ఏటేటా పదో తరగతికి చెప్తారు గదా టీచర్. నేను ఆడిదాకా రాలేదు గానీ, తెలియకేం." వాడు ఉమామహేశ్వరమ్మ చెవుల్లోని దూది పీకి పారేశాడు. కొడవలి అరుణకుమారి మెడకు ఆనించాడు. సన్నగా తెగింది. ఆమె నెత్తురు గురించి ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి అది కారి, గొలుసుకున్న సిలువ మీదికి దిగింది.

అరుణకుమారికి భయమేసింది. చాలా భయమేసింది. ఆ భయంలోనే, బోర్డు ముందు నిలబడ్డప్పటి గొంతు ఎక్కడి నుంచో వచ్చింది.

"నెత్తురులో ఇనుముంటాది. కొడవలి ఇనుము. ఇనుము ఇనుమును లాగుతాది, అయస్కాంతం మాదిరి. అందుకే కొడవలి గాయం నిలవదు. ఏం చేసినా, ఎంత అదిమినా నిలవదు. అంతే అవ్వా."

ఉమామహేశ్వరమ్మ నోరు తెరిచింది. వంకాయలు కోసే కత్తిపీట కూడా ఇనుమే కదా అన్న ప్రశ్న నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగడం ఆమెకు ఆ కొడుకును కన్నంత కష్టమైంది.

"అట్లనా" అంది. వెంటనే కొడుకు మీద పడి గొల్లుమంది. "పాయ! నా కొడుకు నెత్తురంతా పాయ!"

ఆదినారాయణ బట్టల నెత్తురంటి సీటు అప్పటికే ఎర్రగా తడిసి ఉంది. ఏది పాతదో ఏది కొత్తదో మహేష్‌కు తెలియలేదు. టీచరు తప్పు చెబుతుందన్న అనుమానం వాడి బుర్రలోకి రానే రాలేదు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. వాడు కొడవలి దించి, "థ్యాంక్స్ టీచర్" అని జీపెక్కాడు.

ఉమామహేశ్వరమ్మ సంగతి నంద్యాల దాకా తెలుసు కాబట్టి డాక్టరు ఏమీ అడగలేదు. నెత్తురు కారని గాయాలు కుట్టడం హాయిగా ఉందని మాత్రం అన్నాడు. కుట్లు అయ్యాక నెత్తురు బాటిల్ తగిలించారు. అది ఒక్క బొట్టు కూడా దిగలేదు. "ఇంక చెప్పండి టీచర్" అన్నాడు డాక్టరు.

అరుణకుమారి ఉమామహేశ్వరమ్మ పక్కన కూర్చుని చెప్పింది. చిన్న గాయమైతే నెత్తురులోని చిన్న చిన్న కణాలు పరుగున వచ్చి అడ్డం నిలబడతాయి, సన్నని దారాలు వల అల్లుకుంటాయి, ఆ వల గట్టిపడి బిరడా అవుతుంది. పెద్ద రక్తనాళం తెగితే గుండె తోసే జోరుకు ఆ వల అల్లుకోకముందే కొట్టుకుపోతుంది.

"అయితే జోరు తగ్గిస్తే?"

"అదే అవ్వా. గట్టిగా అదిమి పట్టుకోవాల. ఆస్పత్రి చేరేదాకా చెయ్యి తీయగూడదు. నిలిచిందా అని చూద్దామని గూడా తీయగూడదు."

"అట్లనా" అంది ఉమామహేశ్వరమ్మ. బాటిల్లో చుక్కలు దిగడం మొదలైంది. ఆదినారాయణ బతికాడు.

మహేష్ జైలుకు పోయాడు, బెయిలు మీద వచ్చాడు. అరుణకుమారి మాత్రం పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోసాగింది. మెడ మీది గాయం మానింది. తప్పు జవాబు మానలేదు. అది ఒక పిల్లవాడి బుర్రలో నిజంలా కూర్చుందని ఆమెకు రోజూ గుర్తొచ్చేది. ఎదురుపడితే సరిచేయాలనుకుంది. కొడవలి పట్టినవాడిని పిలిచి పాఠం చెప్పే ధైర్యం రాలేదు.

ఆదినారాయణ కుంటుతూ లేచాడు. లేచిన రోజు నుంచి కొడవలి నూరుతూనే ఉన్నాడు.

"వద్దు నాయనా" అంది తల్లి.

"నువ్వు లోపల కూచోమ్మా."

స్టేషన్‌లో సంతకం పెట్టి వస్తున్న మహేష్‌ను అవే షెడ్ల ముందు పట్టుకున్నాడు. తొడ మీద ఒక్కటే వేటు. తన తొడకు తగిలిన చోటే చూసి వేశాడు. రెండో వేటుకు కొడవలి ఎత్తేలోపు ఉమామహేశ్వరమ్మ పరిగెత్తుకొచ్చి మహేష్ మీద పడింది.

"ఎందుకు నిలవదు ఈ నెత్తురు?" అని అరిచింది. ఏమీ ఆగలేదు. ఆమెకు తెలుసు కదా. ధార ఆమె ముఖానికే కొట్టింది. ఆమె రెండు అరచేతులూ గాయం మీద పెట్టి, ఒళ్లు బరువంతా వేసి అదిమింది.

"లేయ్ అమ్మా!" ఆదినారాయణ కేకలేస్తున్నాడు. "నన్ను నరికినోడు వాడు! లేయ్, లేకుంటే నీ మీదనే ఏస్తా!"

"ఏసుకో నాయనా. నేను చెయ్యి తీయను. చూద్దామని గూడా తీయగూడదంట."

కింద మహేష్ గింజుకుంటున్నాడు. కుడిచేత్తో ఆమె మణికట్లు తోసేస్తున్నాడు. అరుణకుమారి వాడి తల దగ్గర మోకరిల్లింది. వాడు ఆమెకొక్కదానికే వినపడేలా గొణిగాడు.

"ఇనుము టీచర్... ఎంత అదిమినా నిలవదు. మీరే గదా చెప్తిరి. ఊరికే నొప్పి. తీయమనండి."

"కాదురా! తప్పు చెప్పినా! అబద్ధం చెప్పినా!"

"మీరు తప్పు చెప్పరు టీచర్" అని వాడు మరింత బలంగా తోశాడు. ఒక అరచెయ్యి జారింది. నెత్తురు మళ్లీ ఎగిసింది.

కొడుకు కేకల్లో ఉమామహేశ్వరమ్మకు ఆ మాటలేవీ వినపడలేదు. ఏడుస్తూ తలెత్తింది. "టీచరమ్మా, బతికించుకుందామంటే ఈ చెయ్యి నన్నెందుకు తోస్తాంది?"

మహేష్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. వేళ్లు విచ్చుకుని, తోస్తున్నది తోస్తున్నట్టే.

జవాబు అరుణకుమారికి తెలుసు. ఆ ఊళ్లో ఆమెకొక్కదానికే తెలుసు. నోరు తెరిచింది. ఈసారి మూయడానికి ఏలీయా దగ్గర లేడు, కారు తేవడానికి పరిగెత్తాడు. ఆమే మూసుకుంది.

"తెలియదు అవ్వా" అంది. "రేపు చెప్తా."

ఉమామహేశ్వరమ్మ అదిమిన చెయ్యి తీయకుండా నంద్యాల దాకా పోయింది. ఆదినారాయణ కొడవలి పక్కన పడేసి, ఆ నంది పక్కనే పోలీసులు వచ్చేదాకా కూర్చున్నాడు.

మహేష్ బతికాడు. ఆ చెయ్యి మాత్రం దిగలేదు. మెలకువలోనూ నిద్రలోనూ ఎవరినో తోస్తున్నట్టు ముందుకు చాపి, వేళ్లు విచ్చుకుని ఉంటుంది. అది కొడవలి పట్టదు. అన్నం వాళ్లమ్మ కలిపి పెడుతుంది. ఆ పూట జరిగిందేదీ వాడికి గుర్తు లేదు. నొప్పికి తోశానేమో, పగతో తోశానేమో అని పెద్దమ్మకు తోచినవన్నీ చెప్పి చూశాడు. ఏదీ సరైన జవాబు కాలేదు.

అందుకని బడి వదిలే వేళకు వచ్చి, ఆ చెయ్యి చాపుకుని గేటు దగ్గర నిలబడతాడు.

"టీచర్, మా పెద్దమ్మకు ఆ జవాబు చెప్పండి."

అరుణకుమారి వాడి ముఖంలోకి చూడదు. ఆ చేతిని చూస్తుంది.

"ఇంకా తెలియలేదురా. రేపు చెప్తా."

టీచరు మాట తప్పదు కదా అని వాడు తలూపి వెళ్లిపోతాడు. మరుసటి రోజు మళ్లీ వస్తాడు.