పొయ్యి పక్కన పియానో

రండర్రా, దగ్గరికి జరగండి! ఆ గుసగుసలు కట్టిపెట్టండి. నోళ్ళు మూస్తేనే మొదలుపెడతాను.

ఆ ఏడు వియన్నాలో ఎంత చలంటే, జనం మాట్లాడిన మాటలు గడ్డకట్టి వీధిలో రాలితే మర్నాడు చీపురు పెట్టి ఊడ్చుకునేవాళ్ళు. అలాంటి ఓ పొద్దున వాల్‌బుర్గా అనే పియానో వాయించే అమ్మాయి, ఓ దొరసానిగారి హాల్లో కూర్చుని, వేళ్ళు ఊదుకుంటూ రెండు గంటలు పియానో శ్రుతి చేసింది. అప్పటి పియానో ఇప్పటిలా ఏనుగు కాదు. తేలికైన చెక్క పెట్టె, సన్నటి తీగలు, తోలు తొడిగిన చిట్టి సుత్తులు. గట్టిగా తుమ్మితే శ్రుతి తప్పేది.

మధ్యాహ్నం కచేరీ. నచ్చితే దొరసాని కూతుళ్ళకు సంగీతం నేర్పే కొలువు ఆమెదే. లేదంటే లింజ్ అనే ఊళ్ళో అన్న దగ్గరికి పోయి కొవ్వొత్తులు పోయాలి. మరిగే కొవ్వులో వేళ్ళు కాలాక ఇక వాయించేదేముంది?

బట్టలు మార్చుకుని వచ్చేసరికి పియానో గోడ దగ్గర లేదు. భగభగమండే పొయ్యిని ఆనుకుని ఉంది.

"పాపం, పియానో చలికి వణుకుతుంటే నేనే జరిపించాను," అంది దొరసాని మురిసిపోతూ.

వాల్‌బుర్గా గబగబా వెళ్ళి తీగల మీద చెయ్యి పెట్టి చూసింది. వేడికి ఇత్తడి తీగ ఒకలా సాగుతుంది, ఇనుప తీగ ఇంకోలా; ఇక శ్రుతి నిలవదు. "అమ్మగారూ, ఒక్క అరగంట ఆగితే..."

"అందరూ వచ్చి కూర్చుంటే ఇప్పుడా? కానీ, కానీ!"

సొనాటా అనే ఆ పెద్ద బాణీలో మొదటి భాగం పరుగు కాబట్టి గండం గడిచింది. రెండోది నిదానం. ఎడమచేతి స్వరాలు కిందికి దిగజారాయి, కుడిచేతివి వాటి దారిన అవి పోయాయి. ముందు వరసలో ఓ కుక్క ఏడుపు అందుకుంది. అంతలో టప్పున ఓ తీగ తెగి, ఎగిరి, ముసలి సేనాపతి విగ్గును లాక్కెళ్ళి దీపాల గుత్తికి తగిలించింది.

వాల్‌బుర్గా చేతులు ఆగిపోయాయి.

దొరసాని వంగి చెవిలో అంది: "పొద్దున శ్రుతి చెయ్యకుండా కునుకు తీశానని అందరి ముందూ ఒప్పుకో అమ్మాయ్. పోనీలే అంటాను."

వాల్‌బుర్గా వేళ్ళ వంక చూసుకుంది. లేచి నిలబడింది.

"శ్రుతి సరిగ్గానే చేశానమ్మగారూ. పొయ్యి పక్కన పెట్టించింది మీరు."

దొరసాని పియానో మూత దించేసింది. "నీకిక్కడ పని లేదు. వెళ్ళు."

వాల్‌బుర్గా చేతి తొడుగులు తీసుకుని తలుపు వైపు నడిచింది. అప్పుడు లేచాడు బోడిగుండు సేనాపతి. ఆయన పియానో కిందికి దూరి, అటూ ఇటూ తడిమి చూశాడు.

"మా గుర్రానికీ ఇదే జబ్బు. వేడి బీరు పట్టిస్తే లేచి కూర్చుంది. దీని నోరెటుందో చెప్పండి, నేనే పోస్తాను!"