అత్త సగంలో వానపాములు

పొలం ఒకటే, సేద్యాలు రెండు. నాన్న తన సగాన్ని ఏటా ట్రాక్టరుతో పిండిపిండిగా దున్నిస్తాడు. ఆయన అక్క మూడేళ్లుగా తన సగంలో నాగలి పెట్టనివ్వలేదు. కోతయ్యాక మొదళ్లు అలాగే ఉంచి, గడ్డి కప్పి, మధ్యలో గింజలు నాటుతుంది. ఈసారి ఆమె సగంలో దిగుబడి తగ్గింది.

"నీ సగం కూడా దున్నించేస్తానక్కా."

"నేల ఇప్పుడే కోలుకుంటోందిరా! కావాలంటే వానపాముల్ని లెక్కపెట్టు."

"సరే, మన నత్త లెక్కపెడుతుంది. అబద్ధం చెప్పాలన్నా దానికి నోరు పెగలదు," అని, నోరు విప్పక నత్త అని పేరుపడ్డ కూతురి వైపు చూసి నవ్వాడు నాన్న.

నత్త మధ్యాహ్నం పార పట్టుకెళ్లింది. రెండు వైపులా జానెడు లోతున తవ్వి, మట్టిగడ్డలు చిదిమి వెతికింది. ఎక్కడా ఒక్కటి కూడా లేదు.

"రెండు చోట్లా సున్నా," అని గొణిగింది.

"ఇంకేం! రేపు పొద్దున్నే ట్రాక్టరు," అని నాన్న వెళ్లిపోయాడు. అత్త నత్త వైపు తిరిగింది.

"ఎప్పుడు తవ్వావే?"

"మిట్టమధ్యాహ్నం."

"ఓసి మొద్దూ! ఆ ఎండకి మనమే నీడకి పోతాం. అవి మాత్రం పైన ఉంటాయా?"

నత్త కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఏడుపు తర్వాత. ఆవపిండి తీసి పెట్టు. పొద్దున నీళ్లలో కలిపి పోస్తే, ఆ ఘాటుకి వాటి తాతలు కూడా పైకొస్తారు."

తెల్లవారింది. ట్రాక్టరు గట్టు దగ్గరికి వచ్చేసింది. అత్త తమ్ముడితో ఏమీ చెప్పలేదు. బకెట్టు నత్త చేతికిచ్చి, పక్కన నిలబడింది.

"నాన్నా, ఆపించు," అంది నత్త. "తప్పు వేళలో తవ్వాను. మళ్లీ చూపిస్తాను."

ముందు నాన్న సగంలో పోసింది. నీళ్లు బురదగా నిలిచిపోయాయి. ఎంతసేపటికో మూడు వానపాములు వచ్చాయి. అత్త సగంలో నీళ్లు చూస్తుండగానే ఇంకిపోయాయి. ఒకదాని వెనక ఒకటి పంతొమ్మిది బయటికొచ్చాయి.

నాన్న ఆ తడినేలను అరచేత్తో తడిమాడు. "నీళ్లెక్కడికి పోయాయక్కా?"

"అవి తొలిచిన దారుల్లోకి."

"అయితే నేను ఇంటికేనా?" అరిచాడు డ్రైవరు.

"ఇంటికే! ఆ సగం జోలికి వెళ్లకు. నా సగం సంగతి తర్వాత చెప్తా."

ఘాటుకి మెలికలు తిరుగుతున్న వానపాముల్ని నత్త మంచినీళ్లలో కడగసాగింది. అత్త కావాలంటే నిన్ననే నాన్నతో అంతా చెప్పేసేది. చెప్పకుండా, తప్పు దిద్దుకునే వీలు తనకే ఇచ్చింది. కడిగినదాన్ని అత్త వైపు చాచింది. అత్త పక్కకొచ్చి కూర్చుని, ఒక్కోదాన్నీ గడ్డి కిందికి వదిలింది.