కోటుతో కాపురం

ఎవరో చికెన్ ఎముకలు చప్పరించి గులాబ్‌జామూన్ కప్పులో పడేశారు. పాకంలో టిష్యూ నాని ముద్దయింది. దాన్ని వేళ్లతో తీస్తున్నాను. హాల్లో నా భర్త ఫణి, వాళ్ల టీమ్‌వాళ్లు నా సినిమా చూస్తున్నారు.

నా సినిమా అని ఎందుకంటున్నానంటే, దాన్ని వెలికితీసింది నేనే. అమెరికాలో డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు కాబట్టి, మేముండే ప్లెయిన్స్‌బరోలో లైబ్రరీకి వాలంటీర్‌గా వెళ్తుంటాను. ఎవరో ఇచ్చేసిన పాత సామానులో, తుప్పు పట్టిన డబ్బాలో ఆ రీలు దొరికింది. సినిమాలకి మాటలు కొత్తగా వచ్చిన రోజుల నాటి స్వీడిష్ కామెడీ. లైబ్రరీవాళ్లు డిజిటైజ్ చేయించారు. అక్కడికి వచ్చే స్వీడన్ ముసలావిడ ఆస్ట్రిడ్ ఒక్కో మాటకీ అర్థం చెబితే, నేను ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ రాశాను.

అందులో మొగుడు ఇంట్లో ఉండీ మాట్లాడడు. భార్య అతని కోటుని కుర్చీకి తగిలించి, సూప్ వడ్డించి, దానికి కబుర్లు చెబుతుంది. ఇరుగుపొరుగు కూడా కోటునే పలకరించడం మొదలుపెడతారు. చివరికి మొగుడు నోరు విప్పితే ఎవరూ వినిపించుకోరు. ఆ సీను దగ్గర ఆస్ట్రిడ్, నేనూ పడీపడీ నవ్వాం. తర్వాత ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

“పిచ్చిదిరా బాబూ,” అన్నాడు హాల్లో ఫణి టీమ్‌లోని శశికాంత్.

“మా ఇంట్లో లైవ్ షోనే ఉంది. రాగిణి కూడా కిచెన్‌లో ఒక్కతే మాట్లాడుకుంటుంది. ఖాళీ కదా,” అన్నాడు ఫణి.

అందరూ నవ్వారు. సినిమా ఆపేసి క్రికెట్ పెట్టారు.

“వదినా, టీ,” అని కేకేశాడు శశికాంత్.

చేతికంటిన ఎంగిలి పాకం కంటే ఆ నవ్వే రోతగా అనిపించింది. అన్నం తింటూ ఫోన్లోంచి తలెత్తని మనిషి, నేనేదైనా చెబితే ‘ఊఁ’ అనడానికి కూడా బద్ధకించే మనిషి, నాలో నేను మాట్లాడుకునేది మాత్రం చెవులు రిక్కించి విన్నాడన్నమాట. విని, దాచుకుని, స్నేహితులకి చికెన్‌తో పాటు వడ్డించాడు. అయినా ఆ టీ నేనే పెట్టాను. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

బుధవారం సాయంత్రం లైబ్రరీలో ఆ సినిమా వేస్తున్నారు. సినిమాకి ముందు నన్ను నాలుగు మాటలు చెప్పమంటే కుదరదనేశాను. ఆ రోజే ఫణి మేనేజర్ డిన్నర్‌కి వస్తున్నాడు. టీ కప్పులు అందించి, బాల్కనీలోకి వెళ్లి లైబ్రరీకి ఫోన్ చేసి, వస్తానని చెప్పాను. అందరూ వెళ్లాక ఫణికీ చెప్పాను. జోక్ అనుకున్నాడు.

బుధవారం మైక్ దగ్గరికి వెళ్లబోతుంటే ఫోన్ మోగింది.

“మేనేజర్ వచ్చేశాడు. ఎక్కడున్నావ్?”

“లైబ్రరీలో. చెప్పాను కదా.”

గొంతు తగ్గించి, “ఎప్పుడొస్తావ్?” అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ మాట నేనడిగేదాన్ని. అతను రోజూ ఇచ్చే జవాబే ఇచ్చాను.

“తెలీదు. నువ్వు తినేసి పడుకో.”