పాతరేవులో లంగరు

దగ్గరికి జరగండి బిడ్డా, ఆ ఫోన్లు పక్కన పెట్టండి. దబీర్‌పురాలో పుట్టి పెరిగిన ఈ బిల్కీస్ దాదీకి సముద్రంతో ఏం పని అంటారా? నా కూతురు అతియాను పాతరేవులో ఇచ్చాం. కొండ కింద రేవు, పక్కన మడచెట్లు, ఒడ్డు నిండా పడవలు. పోయిన నెల దాని కాన్పుకని వెళ్లాను.

వెళ్లిన మర్నాడే కళ్లారా చూశాను. "వారసత్వ రేవు" అని బోర్డు పాతడానికి వచ్చిన కంట్రాక్టరు, చేపలమ్మే అమల పడవ మీదికి బుల్డోజరు ఎక్కించాడు. పలకలు ఎముకల్లా విరిగాయి.

"రేపు ఒడ్డుకు గోడ కట్టడానికి బార్జీలో, సరుకుల పడవలో, రాళ్లొస్తాయి. మీ పడవలకిక్కడ చోటు లేదు. టూరిస్టులకు కంపు!" అన్నాడు.

"మా కంపు మీదే బతికింది బాబూ ఈ రేవు. నీ సెంటు మీద కాదు!" అంది అమల.

సాయంత్రం ఒడ్డున మీటింగు. ముసలాళ్లు జంకారు. "పోలీసులొత్తే పిల్లల గతేటి?"

"రేవు పోతే పిల్లల గతేటి?" అని లేచింది అమల. "తెల్లారేసరికి రేవు మూతికాడ లంగరేసేద్దాం. బార్జీ ఎలాగొత్తాదో చూద్దాం!"

మా వైపు లంగర్ అంటే పదిమందికీ వండిపెట్టే అన్నం. నేనదే అనుకున్నాను. పొద్దున్నే రేవుకొచ్చే నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి పెద్ద డేగ్చాలో కిచిడీ ఎక్కించాను.

అమల పరుగెత్తుకొచ్చింది. "ఏటి మామ్మా ఇది?"

"లంగరేద్దామంటివి గదనే!"

"ఓలమ్మ! లంగరంటే పడవ కదలకుండా నీళ్లలో ఏసే ఇనప కొక్కెం!" కడుపు పట్టుకుని నవ్వింది. నా ముఖం చిన్నబోయింది.

కానీ వాసనకు హార్బరు కూలీలు వచ్చారు, ఆటోవాళ్లు వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చారు. రోడ్డంతా బంతులు తీరి కూర్చున్నారు. నీళ్లలో లంగరేసిన పడవలు బార్జీ దారి మూశాయి. బుల్డోజరు వచ్చే రోడ్డు సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు, బిడ్డా! బంతుల్లో కూర్చుని తింటున్న జనాన్ని చూసి బుల్డోజరు ఆగిపోయింది.

అప్పుడు గాలి పడిపోయింది. కొండ మలుపులో పోలీసు బండ్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి.

"లేవండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎంగిలి చేత్తోని యాడికి లేస్తం సారూ? మీరే కూసోండ్రి," అన్నాను.

డేగ్చాను బూటుతో తన్నాడు. వేడి కిచిడీ మట్టిపాలైంది. అమలను జుట్టు పట్టి బండిలోకి ఈడ్చారు. అయినా ఒక్కరూ లేవలేదు. మధ్యాహ్నానికి పక్క వీధి ఆడవాళ్లు తమ గిన్నెలు మోసుకొచ్చి, ఆ మట్టి పక్కనే మళ్లీ పొయ్యి ముట్టించారు.

అమల ఇంకా జైల్లోనే ఉంది. రోడ్డు మీద బంతి ఇంకా లేవలేదు. ఈ కథ మీ అడ్డాల మీద, మీ హాస్టళ్లలో చెప్పండి. నా పేరు మరిచినా ఫికర్ లేదు. అమల పేరు మాత్రం గట్టిగా, నలుగురికీ వినబడేలా చెప్పండి.