ఫ్రేముతో పాటు ఊరికే

వరద నీళ్ళు గోడల్లో సగం దాకా ఎక్కిన ఏడాది. ఊళ్ళో గోడల మీద పటాలన్నీ నానిపోయాయి. ఆమె మొగుడిది పటాలకు ఫ్రేములు కట్టే కొట్టు, ఊపిరి సలపని పని పడింది.

అంట్లు తోముతూ అడిగిందామె. "నేనేసిన బొమ్మలు కూడా కొట్లో పెట్టండి. నాలుగు డబ్బులొస్తే నాకంటూ ఉంటాయి."

ఆ మాట అడగడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

"పెడతాలే," అన్నాడు.

పన్నెండు బొమ్మలిచ్చింది. ఇల్లూడ్చి, బట్టలారేసి, అత్తగారి కాళ్ళకు మందు రాసి, మిగిలిన అరకొర వేళల్లో వేసినవి. బోర్లించిన గిన్నెలు. తడి దండెం మీద కాకి. నెల తిరిగేసరికి నాలుగు అమ్ముడుపోయాయి.

"ఎంతకిచ్చారండీ?"

"వ్యాపారం నీకు తెలీదులే."

ఆ వారమే అత్తగారికి పన్ను సలిపింది. పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎదురుగా గోడ మీద నాలుగూ ఉన్నాయి. ఎంతకు కొన్నారని అడిగింది.

"ఫ్రేములు కొన్నానమ్మా. మా ఆవిడ ఊరికే వేస్తుంటుంది, బొమ్మలు ఊరికే తీసుకోండన్నాడు కొట్టాయన."

ఊరికే. పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్న మాటే. ఊరికే కూర్చున్నావుగా, ఈ బొత్తాం కుట్టు. ఊరికే ఉన్నావుగా, అమ్మకి కాళ్ళు పట్టు. ఊరికే ఏడవకు. చేసేది పని కాదనడానికీ అదే మాట, దానికి ధర లేదనడానికీ అదే మాట. ఇన్నాళ్ళూ రెండూ వేరనుకుంది, పిచ్చిది.

"పన్ను కూడా ఊరికే పీకుతారా డాక్టరుగారూ?"

ఆయన నవ్వాడు. "అదెలా కుదురుతుందమ్మా, అది నా పని కదా."

"ఇవి నా పని."

నోటి నిండా దూది ఉండబట్టి అత్తగారేమీ అనలేకపోయింది.

ఆవిణ్ణి ఇంట్లో దింపి, తిన్నగా కొట్టుకెళ్ళింది. మిగిలిన ఎనిమిది ఫ్రేముల వెనక అట్టలు ఊడదీసి బొమ్మలు లాక్కుంది.

"ఊరికే పాడు చేస్తావేమే?"

"మీ ఫ్రేములు మీరుంచుకోండి. రేపట్నుంచి బస్టాండు మెట్ల మీద పెట్టుకుంటాను. ధర రాసి."

"ఫ్రేము లేని బొమ్మ ఎవడు కొంటాడు?"

"బొమ్మ లేని ఫ్రేము ఎవరు కొంటారో మీరూ చూడండి."

మర్నాడు పొద్దున్నే ఆయన కొట్టు తెరిచాడు. ఎనిమిది ఖాళీ ఫ్రేములూ గోడకి తగిలించాడు. వాటిలోంచి వరద మడ్డి గీత అడ్డంగా కనబడుతోంది. మొదటి బేరానికొచ్చినతను, డాక్టరుగారికిచ్చినట్టే మాకూ బొమ్మ ఊరికే ఇస్తారా అని అడిగాడు.

ఆయన సుత్తి కింద పెట్టాడు.

"బొమ్మలావిడ బస్టాండు మెట్ల మీదుంటుంది," అన్నాడు. "డబ్బులు పట్టుకెళ్ళండి."